ఓడిన కోచ్ ఖాతాలో ఏముంది? కెంజో యోకోయామా కథ

జపాన్ ఫుట్‌బాల్ చరిత్ర చదివేవాళ్ళకి కెంజో యోకోయామా పేరు ముఖ్యంగా రెండు చోట్ల తగులుతుంది. మొదటిది 1968 మెక్సికో ఒలింపిక్స్. కాంస్యం గెలిచిన ఆ జట్టుకు ఆయనే గోల్‌కీపర్. రెండోది 1988-91 మధ్య కాలం. అప్పుడు ఆయన జాతీయ జట్టు హెడ్ కోచ్. వరల్డ్ కప్ క్వాలిఫయర్స్‌లో మొదటి రౌండ్ దాటలేదు, ఆసియా కప్‌లో ఒక్క గోల్ కొట్టలేదు, తూర్పు ఆసియా జట్లు ఆడే డైనాస్టీ కప్‌లో ఆడిన మూడు మ్యాచ్‌లూ పోయాయి. అందుకే చాలామంది ఆయన గురించి ఒక్క ముక్కలో తేల్చేస్తారు: గొప్ప గోల్‌కీపర్, చేతకాని కోచ్.

ఈ తీర్పులో మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగమే సరిగ్గా తూచలేదు అనిపిస్తుంది. ఆయన కోచ్‌గా ఉన్న మూడున్నరేళ్ళు జపాన్ ఫుట్‌బాల్ ఒక కాలం నుంచి ఇంకో కాలంలోకి దాటుతున్న సమయం. వెనక కంపెనీ జట్ల అమెచ్యూర్ ఆట, ముందు ప్రొఫెషనల్ లీగ్. ఓటముల్లో ఏది ఆయన చేతులారా చేసుకున్నది, ఏది ఆ వ్యవస్థ నెత్తిన పడేసింది, ఆ తర్వాత వచ్చిన విజయాల్లో ఆయన పెట్టిన పెట్టుబడి ఎంత అన్నది విడివిడిగా చూస్తే గానీ తేలదు.

ముందు ఆ కాలపు ఆట ఎలా ఉండేదో చూద్దాం. యోకోయామా 1943లో సైతామా ప్రాంతంలో పుట్టాడు. రిక్క్యో యూనివర్సిటీలో చదువుతుండగానే 1964 టోక్యో ఒలింపిక్స్ జట్టులోకి వచ్చాడు. చదువయ్యాక మిత్సుబిషిలో చేరాడు. చేరడం అంటే క్లబ్‌లో చేరడం కాదు, కంపెనీలో చేరడం. 1965లో మొదలైన జపాన్ సాకర్ లీగ్‌లో మొత్తం 8 జట్లుండేవి, మిత్సుబిషి, యన్మార్, ఫురుకావా లాంటి కంపెనీల పేర్లతో. ఆటగాడికి జీతం ఉద్యోగానికి వస్తుంది, ఆటకి కాదు. ఆట అయిపోయాక అదే కంపెనీలో ఉద్యోగిగా కొనసాగుతాడు. మన దగ్గర ఒకప్పుడు సిటీ పోలీస్, రైల్వే, బ్యాంకు జట్లు నడిచిన పద్ధతే ఇది. బతుకుకు భరోసా ఉంటుంది, కానీ ఆటే బతుకు కాదు.

ఆ పద్ధతిలో నడిచిన దేశం ఒలింపిక్ పతకం ఎలా కొట్టింది? దీనికి జవాబు జర్మనీ నుంచి వచ్చిన డెట్మార్ క్రామర్ దగ్గర మొదలవుతుంది. టోక్యో ఒలింపిక్స్‌కి జట్టును తయారుచేయమని 1960లో ఆయన్ని పిలిపించారు. ఆయన పాస్ ఇవ్వడం, బంతిని అదుపు చేయడం లాంటి ఓనమాల దగ్గర నుంచి దిద్దించాడు. దేశంలో ఒక లీగ్ ఉండాలని గట్టిగా చెప్పినవాడూ ఆయనే. తర్వాత నాలుగేళ్ళు కోచ్ కెన్ నగనుమా చేతిలో దాదాపు అదే బృందం కలిసి ఆడింది. మెక్సికో వెళ్ళేనాటికి ఒకరి అడుగు ఒకరికి తెలుసు.

ఆ టోర్నీ లెక్కలు కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే యోకోయామా కోచింగ్‌కి తాళంచెవి అక్కడే ఉందని నా నమ్మకం. జపాన్ నైజీరియా మీద 3-1తో గెలిచింది. బ్రెజిల్‌తో 1-1, స్పెయిన్‌తో 0-0 డ్రా చేసుకుంది. క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్‌ను 3-1తో ఓడించింది. సెమీస్‌లో హంగరీ చేతిలో 0-5తో చిత్తయింది. కాంస్యం కోసం ఆతిథ్య దేశం మెక్సికోతో ఆడి 2-0తో గెలిచింది. మొత్తం 9 గోల్స్, అందులో 7 ఒక్క కునిషిగె కమమొతోవే. ఆ టోర్నీ టాప్ స్కోరర్ కూడా అతనే. జపాన్ ఆట పద్ధతి సూటిగా ఉండేది. వెనక గట్టిగా కాపు కాయడం, బంతి దొరగ్గానే ఎడమ వైపు ర్యుయిచి సుగియామాకి పంపడం, అతను పరుగెత్తుకెళ్ళి మధ్యలోకి వేయడం, కమమొతో ముగించడం.

అక్టోబర్ 24న అజ్తెకా స్టేడియంలో జరిగిన కాంస్య పోరు చూడండి. లక్ష మందికి పైగా జనం, అందరూ మెక్సికో వైపే. మొదటి సగంలోనే సుగియామా అందించిన బంతులతో కమమొతో రెండు గోల్స్ కొట్టేశాడు. రెండో సగం మొదలైన కాసేపటికే మెక్సికోకి పెనాల్టీ దక్కింది. అది గోల్ అయి ఉంటే 2-1. ఇంకా నలభై నిమిషాలకు పైగా ఆట ఉంది, గాలి పలచగా ఉండే ఎత్తు ప్రదేశం, ఊపిరి అందని కాళ్ళు, స్టేడియం మొత్తం మీద పడినట్టు అరుపులు. యోకోయామా ఆ పెనాల్టీని ఆపేశాడు. అక్కడితో మెక్సికో ఊపు తగ్గింది. చివరికి సొంత జట్టు మీద విసిగిపోయిన ప్రేక్షకులే జపాన్ పేరు అరిచారు. ఏ పుస్తకం తెరిచినా కమమొతో రెండు గోల్స్ ముందు కనిపిస్తాయి, ఆ పెనాల్టీ కింద ఎక్కడో ఒక వాక్యంలో ఉంటుంది. ఆ మ్యాచ్‌లో అది మూడో గోల్‌తో సమానం అనే అంటాను.

తర్వాత ఏళ్ళు అంత బాగా నడవలేదు. 1969లో వరల్డ్ కప్ క్వాలిఫయర్స్ సమయానికి కమమొతో హెపటైటిస్‌తో మంచం పట్టాడు, జట్టు సియోల్‌లో చేతులెత్తేసింది. 1971లో మ్యూనిక్ ఒలింపిక్స్ క్వాలిఫయర్స్‌లో మలేసియా చేతిలో 0-3తో ఓటమి. 1973లో ఇజ్రాయెల్‌తో ఎక్స్‌ట్రా టైమ్ దాకా లాగి 0-1తో పోయింది. ఒకే బృందాన్ని ఏళ్ళ తరబడి నమ్ముకున్నందుకు మెక్సికోలో లాభం వచ్చింది, ఆ బృందం ముసలిదయ్యాక వాళ్ళ స్థానంలో రావలసినవాళ్ళు తయారుగా లేకపోవడం వల్ల నష్టమూ వచ్చింది. యోకోయామా 1974 దాకా ఆడి, జాతీయ జట్టు తరఫున 49 మ్యాచ్‌లతో ముగించాడు.

ఈ ఏళ్ళ మధ్యలోనే తెలుగువాళ్ళకి దగ్గరగా తగిలే ముచ్చట ఒకటుంది. 1969లో జపాన్‌లో క్రామర్ నడిపిన ఫిఫా కోచింగ్ కోర్సుకు భారత్ నుంచి పి.కె. బెనర్జీ వెళ్ళాడు. మరుసటి ఏడాది బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కోచ్‌లలో ఆయన ఒకడు, కెప్టెన్ మన హైదరాబాద్ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో భారత్ 1-0తో ఓడించింది జపాన్‌నే! యోకోయామా ఆ క్రీడలకు వెళ్ళిన జపాన్ బృందంలో ఉన్నాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు వచ్చిన చివరి పతకం అదే. ఆ రోజు రెండు దేశాలూ ఇంచుమించు ఒకే మెట్టు మీద ఉన్నాయి. ఆ తర్వాత ఒకరు ఎక్కడికి చేరారో, మనం ఎక్కడ ఆగామో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. యోకోయామా కథను శ్రద్ధగా చదవాలనిపించడానికి అది కూడా ఒక కారణం.

కోచ్‌గా ఆయన మొదటి అధ్యాయం మాత్రం వెలిగిపోయింది. 1970ల మధ్యలో మిత్సుబిషి కోచ్ హిరోషి నినోమియా జాతీయ జట్టు బాధ్యతకు వెళ్ళడంతో ఆ కుర్చీ యోకోయామాకు వచ్చింది. 1978లో మిత్సుబిషి లీగ్ టైటిల్, దేశవ్యాప్త నాకౌట్ టోర్నీ అయిన ఎంపరర్స్ కప్, లీగ్ కప్ మూడూ ఎత్తుకెళ్ళింది. ఆ మూడింటినీ ఒకే సీజన్‌లో కొట్టిన మొదటి జట్టు అది. 1980లో మళ్ళీ ఎంపరర్స్ కప్, 1982లో మళ్ళీ లీగ్. చేతకాని కోచ్ అనే మాట ఇక్కడే వీగిపోతుంది. రోజూ కళ్ళెదుట ఉండే ఆటగాళ్ళు, ఒకే ఆఫీసు, ఒకే మైదానం, ఏళ్ళ తరబడి కలిసి పనిచేసే వీలు ఉన్నచోట ఆయన గెలిపించాడు.

1987 అక్టోబర్‌లో జపాన్ సియోల్ ఒలింపిక్స్‌కి అడుగు దూరంలో ఆగిపోయింది. చైనాను వాళ్ళ గడ్డమీద 1-0తో ఓడించి, టోక్యోలో వానలో జరిగిన రెండో మ్యాచ్‌లో 0-2తో ఓడింది. డ్రా చేసుకున్నా చాలు అనుకున్న రోజది. కోచ్ యోషినోబు ఇషీ తప్పుకున్నాడు. 1988 జనవరి నాటికి ఆ కుర్చీలో యోకోయామా ఉన్నాడు.

అప్పటి పరిస్థితి ఎంత గజిబిజిగా ఉండేదంటే, 1986లోనే కొందరు ఆటగాళ్ళకు ప్రొఫెషనల్‌గా నమోదయ్యే వీలు ఇచ్చారు, కానీ లీగ్ మాత్రం ఇంకా కంపెనీలదే. ఒకే జట్టులో ఆట కోసమే జీతం తీసుకునేవాడు, ఆఫీసు పని చేసుకుని వచ్చేవాడు పక్కపక్కన ఆడేవాళ్ళు. ప్రొఫెషనల్ లీగ్ పెట్టాలన్న చర్చలు ఊపందుకున్నది కూడా అప్పుడే. ఆ లీగ్ 1993 మే 15న మొదలైంది. అంటే యోకోయామా చేతికి వచ్చింది, పాత ఇల్లు కూలగొడుతూ కొత్త ఇల్లు ఇంకా కట్టని మధ్యకాలంలో సంసారం.

ఆయన పగ్గాలు పట్టగానే మూడు పెద్ద మార్పులు చేశాడు. ఎన్నో ఏళ్ళుగా నీలం చొక్కా వేసుకునే జాతీయ జట్టుకు జెండాలోని సూర్యుడి రంగు, ఎరుపు, తొడిగాడు. ఆట అమరికను 3-5-2కి (వెనక ముగ్గురు, మధ్యలో ఐదుగురు, ముందు ఇద్దరు) మార్చి, రెండు అంచుల్లో పైకీ కిందికీ పరుగెత్తే వింగ్‌బ్యాక్‌లను పెట్టాడు. మూడోది, పాతవాళ్ళని పక్కన పెట్టి యూనివర్సిటీ కుర్రాళ్ళకు తలుపు తీశాడు. చొక్కా రంగు గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. అది 1992లో మళ్ళీ నీలానికి వెళ్ళిపోయింది. కాకపోతే అభిమానులకు ఎరుపు అనగానే ఓటమి గుర్తుకు రావడం మొదలైంది, ఆ కోపం కూడా ఆయన మీదికే మళ్ళింది.

ఓటముల సంగతి. 1988 డిసెంబర్‌లో ఖతార్‌లో ఆసియా కప్. జపాన్ ఆ టోర్నీ ప్రధాన రౌండ్‌కు రావడం అదే మొదటిసారి. అయినా అక్కడికి ఎక్కువగా కుర్రాళ్ళు, విద్యార్థులతో నింపిన జట్టు వెళ్ళింది. ఇరాన్‌తో 0-0, దక్షిణ కొరియాతో 0-2, యూఏఈతో 0-1, ఖతార్‌తో 0-3. ఆసియాలోని పెద్ద జట్లతో నేరుగా తలపడే అవకాశం వచ్చినప్పుడు దాన్ని చిన్న పరీక్షలా వాడుకోవడం తప్పే. ఆ తప్పులో ఫుట్‌బాల్ సంఘానికి, కోచ్‌కు ఇద్దరికీ వాటా ఉంది. ఆసియా కప్‌ను పట్టించుకోకపోవడం అప్పట్లో జపాన్‌లో మామూలే, కానీ మామూలు కాబట్టి సరైంది అయిపోదు.

1989 వేసవిలో వరల్డ్ కప్ క్వాలిఫయర్స్. గ్రూపులో ఉత్తర కొరియా, ఇండోనేసియా, హాంకాంగ్. జపాన్ ఆరు మ్యాచ్‌లలో 2 గెలిచి, 3 డ్రా చేసుకుని, 1 ఓడింది. హాంకాంగ్‌తో రెండుసార్లూ 0-0. జకార్తాలో ఇండోనేసియాతో 0-0. ఉత్తర కొరియాను టోక్యోలో 2-1తో ఓడించినా ప్యోంగ్యాంగ్‌లో 0-2తో పోయింది. గ్రూపు నుంచి ఒక్క జట్టే ముందుకు వెళ్తుంది, ఆ చోటు ఉత్తర కొరియాకు దక్కింది. 1990 వేసవిలో బీజింగ్‌లో డైనాస్టీ కప్. దక్షిణ కొరియా చేతిలో 0-2, చైనా చేతిలో 0-1, ఉత్తర కొరియా చేతిలో 0-1. అదే ఏడాది అదే ఊళ్ళో ఆసియా క్రీడలు. బంగ్లాదేశ్ మీద 3-0 గెలుపు, సౌదీ చేతిలో 0-2, క్వార్టర్ ఫైనల్లో ఇరాన్ చేతిలో 0-1.

ఈ అంకెలను ఇంకోసారి చూడండి. ఆరు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లలో జపాన్ ఇచ్చుకున్న గోల్స్ 3. చేసినవి 7, అందులో 5 ఒకే మ్యాచ్‌లో, ఇండోనేసియా మీద. డైనాస్టీ కప్‌లో మూడు మ్యాచ్‌లలో ఇచ్చినవి 4, చేసినవి సున్నా. ఆసియా క్రీడల్లో ఇచ్చినవి 3, చేసిన మూడూ బంగ్లాదేశ్ మీదే. అంటే ఈ జట్టును ఎవరూ చితక్కొట్టలేదు. వెనక కాపలా ఫర్వాలేదు. ముందు గోల్ కొట్టేవాడు లేడు. ఆయన్ని తిట్టినవాళ్ళు ఫలితాలను లెక్కబెట్టారు గానీ, ఈ ఆకారాన్ని గమనించినట్టు లేదు.

ఇప్పుడు మెక్సికో దగ్గరికి వెళ్దాం. అక్కడ యోకోయామా తన స్తంభాల మధ్య నిలబడి చూసిన ఆట ఏమిటి? వెనక గట్టిగా నిలబడితే చాలు, ముందు ఒకడు ముగిస్తాడు. ఆ ఒకడు కమమొతో, జాతీయ జట్టుకు 76 మ్యాచ్‌లలో 75 గోల్స్ కొట్టినవాడు. 1977లో అతను జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాక జపాన్‌కు అలాంటివాడు దొరకలేదు. గోల్‌కీపర్‌కి ఆట మొత్తం ముందునుంచి కనబడుతుంది, ఏ డిఫెండర్ ఎక్కడ గాడి తప్పాడో మైదానంలో అందరికంటే ముందు తెలిసేది అతనికే. వెనక వరుసను సర్దడంలో ఆ చూపు ఆయనకు పనికొచ్చింది. ప్రత్యర్థి గోల్ ముందు ఇరవై గజాల్లో ఇరుకు సందుల్లోంచి దారి చేసుకునే పని మాత్రం వేరే విద్య. 3-5-2లో బంతి అంచులకు వెళ్ళడం, అక్కడి నుంచి మధ్యలోకి రావడం వరకు జరిగేది. దాన్ని అందుకునేవాడు లేనప్పుడు ఆ అమరికలో రెండో ఉపాయం ఏదీ కనబడలేదు. కోచ్‌గా ఆయన లోపం ఇదేనని నేననుకుంటాను. క్రమశిక్షణా, కష్టమూ, కుర్రాళ్ళ మీద నమ్మకమూ అన్నీ ఉన్నాయి. గోల్ ఎలా పుట్టించాలి అన్నదానికి తనదైన జవాబు లేదు.

ఆయన దీన్ని గుర్తించలేదా? గుర్తించాడనే 1990లో జరిగినవి చెబుతున్నాయి. ఆ ఏడాది ఆసియా క్రీడలకు ఆయన ఇద్దరిని తీసుకొచ్చాడు. ఒకడు కజుయోషి మియురా. 15 ఏళ్ళప్పుడు ఒంటరిగా బ్రెజిల్ వెళ్ళి, సాంతోస్ దాకా ఆడి, 23 ఏళ్ళకు తిరిగొచ్చిన కుర్రాడు. రెండోవాడు రుయ్ రామోస్. బ్రెజిల్‌లో పుట్టి 1977లో జపాన్ వచ్చి, 1989లో జపాన్ పౌరసత్వం తీసుకున్న మిడ్‌ఫీల్డర్. అప్పటికి వయసు 33. కంపెనీ క్రమశిక్షణలో పెరిగిన కోచ్ ఇలాంటి ఇద్దరు సొంత బుర్ర ఉన్న ఆటగాళ్ళను జాతీయ జట్టులోకి పిలవడం చిన్న విషయం కాదు. ఇద్దరూ సెప్టెంబర్ 26న బంగ్లాదేశ్ మ్యాచ్‌తో అడుగుపెట్టారు. కానీ వాళ్ళ చుట్టూ ఆటను మళ్ళీ అల్లడానికి ఆయనకు సమయం మిగల్లేదు. అభిమానుల ఓపిక అప్పటికే అయిపోయింది, ఆయన్ని తప్పించాలని బాహాటంగానే అడుగుతున్నారు.

విచిత్రం ఏమిటంటే, అంతా అయిపోయిందనుకున్నప్పుడు ఫలితాలు మొదలయ్యాయి. 1991 జూన్‌లో జపాన్‌లోనే జరిగే ఆహ్వాన టోర్నీ కిరిన్ కప్. జపాన్ థాయ్‌లాండ్‌ను 1-0తో, బ్రెజిల్ క్లబ్ వాస్కో ద గామాను 2-1తో, ఇంగ్లండ్ క్లబ్ టోటెన్‌హామ్‌ను 4-0తో ఓడించి కప్పు గెలిచింది. 1978 నుంచి జరుగుతున్న ఆ టోర్నీలో జపాన్‌కు అదే మొదటి టైటిల్. ఆ క్లబ్‌లు సీజన్ ముగించుకుని అలసిపోయి వచ్చాయి, దాన్ని మరీ పెద్దది చేయనక్కర్లేదు. అయినా గోల్స్ పడుతున్నాయి అన్నది నిజం. జూలైలో నాగసాకిలో దక్షిణ కొరియాతో 0-1 ఓటమి. యోకోయామా కాలం అక్కడితో ముగిసింది.

1992లో డచ్ కోచ్ హాన్స్ ఓఫ్ట్ వచ్చాడు. కొన్ని నెలల్లోనే డైనాస్టీ కప్, ఆ శరదృతువులో హిరోషిమాలో ఆసియా కప్ గెలిచాడు. రెండేళ్ళ కిందట ఆసియాలో గోల్ కొట్టలేక చతికిలపడ్డ జట్టు ఇదేనా అన్నంత మార్పు. దాంతో పాత కోచ్ మీద ముద్ర ఇంకా గట్టిపడింది: చూశారా, కోచ్ మారగానే గెలిచారు.

ఆ గెలిచినవాళ్ళు ఎవరో చూస్తే లెక్క మారుతుంది. ఓఫ్ట్ కెప్టెన్ తెత్సుజి హషిరతాని జాతీయ జట్టులోకి వచ్చింది 1988లో, యోకోయామా చేతిలో. డిఫెన్స్‌కు ఇరుసు మసామి ఇహారా కూడా 1988లోనే, త్సుకుబా యూనివర్సిటీ విద్యార్థిగా ఉండగా వచ్చాడు. తర్వాత 122 మ్యాచ్‌లు ఆడి అప్పటి జపాన్ రికార్డు నెలకొల్పింది ఇతనే. గోల్‌కీపర్ షిగెతత్సు మత్సునగా కూడా 1988 బ్యాచే. రామోస్, మియురా, మసాషి నకయామా 1990లో వచ్చారు. 1993 అక్టోబర్ 28న దోహాలో ఇరాక్‌తో జరిగిన మ్యాచ్‌లో, గెలిస్తే వరల్డ్ కప్‌కు వెళ్ళే ఆ రాత్రి, మొదటి పదకొండు మందిలో ఈ ఆరుగురూ ఉన్నారు. ఆట ముగిసే అదనపు సమయంలో ఇరాక్ కార్నర్ నుంచి గోల్ కొట్టి 2-2 చేసింది, జపాన్ కల చెదిరింది. జపాన్‌లో నేటికీ ఆ రాత్రి గురించి మాట్లాడుకుంటారు. ఆ జట్టును ఎవరు పోగేశారు అని అడిగితే మాత్రం ఓఫ్ట్ పేరే వినిపిస్తుంది.

ఓఫ్ట్ ఘనతను తగ్గించాలని నా ఉద్దేశం కాదు. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసి కదలడం, ముగ్గురు త్రికోణంలా నిలబడి బంతిని తిప్పడం లాంటి సూత్రాలను ఆయన సులువైన మాటల్లో నూరిపోశాడు. హజిమె మొరియాసును కనిపెట్టింది ఆయనే, మిడ్‌ఫీల్డ్‌లో అప్పటిదాకా లేని సమతూకం అతనితో వచ్చింది. ప్రొఫెషనల్ లీగ్ రాబోతోందన్న ఉత్సాహం కూడా తోడైంది. యోకోయామా మనుషుల్ని తెచ్చాడు, వాళ్ళని జట్టుగా కుదర్చలేకపోయాడు. ఓఫ్ట్ కుదిర్చాడు. నేను తూకం వేస్తే, 1992 విజయాల్లో సగం కాకపోయినా మూడో వంతు పాత కోచ్ ఖాతాలో రాస్తాను.

ఆయన క్లబ్ జీవితంలో రెండో అధ్యాయం కూడా ఇలాగే ఎగుడుదిగుడు. మిత్సుబిషి జట్టే ఉరావా రెడ్స్‌గా మారి కొత్త లీగ్‌లోకి వచ్చింది. 1993లో అట్టడుగున నిలిచింది. 1994లో యోకోయామా కోచ్‌గా వచ్చాడు, మళ్ళీ అట్టడుగే. అప్పటికి ఆయన పద్ధతులు లీగ్ వేగాన్ని అందుకోలేకపోయాయనే చెప్పాలి. తర్వాత ఆయన జనరల్ మేనేజర్ బాధ్యతల్లోకి వెళ్ళాడు, 1995లో జర్మన్ కోచ్ హోల్గర్ ఓసీక్ వచ్చాడు. ఆ ఏడాది మసాహిరో ఫుకుదా 32 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు. ఆ లీగ్‌లో ఆ ఘనత సాధించిన మొదటి జపాన్ ఆటగాడు అతనే. జాతీయ జట్టులో అతనికి మొదటి అవకాశం ఇచ్చింది కూడా 1990లో యోకోయామానే.

1999లో ఉరావా రెండో డివిజన్‌కు జారిపోయింది. చివరి రోజు హిరోషిమా మీద నిర్ణీత 90 నిమిషాల్లో గెలవాలి, ఎక్స్‌ట్రా టైమ్‌లో గెలిస్తే అప్పట్లో పాయింట్లు తక్కువ. గెలవలేకపోయింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఫుకుదా గోల్ కొట్టాడు, మ్యాచ్ గెలిచారు, కానీ అప్పటికే దిగజారడం ఖాయమైపోయింది. తోటి ఆటగాడు సంతోషంతో వచ్చి కౌగిలించుకుంటుంటే ఫుకుదా ముఖంలో నెత్తురు చుక్క లేదు. నిర్వహణలో ఉన్నవాడిగా ఆ పతనంలో యోకోయామా బాధ్యత ఉంది.

మరుసటి ఏడాది రెండో డివిజన్‌లో కూడా ఉరావా తడబడింది. రెండు జట్లకే పైకి వెళ్ళే చోటు. సప్పోరో ముందు పోతోంది, రెండో చోటు కోసం ఒయితా తరుముకొస్తోంది. సీజన్ చివరి దశలో యోకోయామాయే మళ్ళీ జట్టు పగ్గాలు పట్టాడు. వయసు 57. ఓడితే ఆ పతనం మొత్తం ఆయన మెడకే చుట్టుకుంటుంది. నవంబర్ 19న కొమాబా స్టేడియంలో సగాన్ తోసుతో చివరి మ్యాచ్. 90 నిమిషాలకు 1-1. ఎక్స్‌ట్రా టైమ్‌లో మసాకి త్సుచిహాషి దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో గోల్ పడితే అప్పటి నియమం ప్రకారం అక్కడితో ఆట అయిపోయినట్టే. ఒయితా కన్నా ఒక్క పాయింట్ ఎక్కువతో ఉరావా పైకి వచ్చింది. 2002లో ఆ క్లబ్‌కు కోచ్‌గా హాన్స్ ఓఫ్ట్ వచ్చాడు, 2003లో లీగ్ కప్ గెలిపించాడు. జాతీయ జట్టులో జరిగినట్టే ఇక్కడా యోకోయామా నిలబెట్టిన చోటి నుంచి ఓఫ్ట్ ముందుకు నడిపాడు.

చివరగా ఒక ప్రశ్న మిగులుతుంది. గోల్‌కీపర్లు హెడ్ కోచ్‌లుగా ఎందుకు తక్కువ కనబడతారు? ఇటలీ గోల్‌కీపర్ డినో జోఫ్ తన దేశాన్ని 2000 యూరో ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు. నూనో ఎస్పిరితో సాంతో, యులెన్ లోపెతెగి లాంటివాళ్ళూ ఉన్నారు. కానీ మొత్తం మీద వాళ్ళ సంఖ్య తక్కువే. మామూలుగా చెప్పే కారణం, గోల్‌కీపర్ శిక్షణ వేరుగా జరుగుతుంది, మిగతా జట్టు పాసులు, కదలికలు సాధన చేస్తుంటే అతను ఒక మూల తన పని తాను చేసుకుంటాడు. యోకోయామా తరంలో ఈ దూరం ఇంకా ఎక్కువ. 1992 దాకా సొంత జట్టువాడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేతుల్లోకి తీసుకోవచ్చు. ఆ నియమం మారాకే గోల్‌కీపర్ కాళ్ళతో ఆడటం నేర్చుకున్నాడు, దాడి అతని దగ్గర నుంచే మొదలవడం వచ్చింది. దాడి ఎలా అల్లాలో యోకోయామాకు ఆట నేర్పలేదు, ఆయన కాలంలో గోల్‌కీపర్‌కు ఆ పని ఎవరూ అప్పజెప్పలేదు కూడా. ఈ తరం గోల్‌కీపర్లకు ఆ అడ్డు లేదు.

అయినా జపాన్‌లో దారి ఇంకా ఒకవైపే ఉంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బ్రెజిల్‌ను 1-0తో ఆపిన యోషికత్సు కవగుచి ఆట మానేశాక గోల్‌కీపర్ కోచ్ అయ్యాడు. 2022 వరల్డ్ కప్‌లో జర్మనీ, స్పెయిన్‌లను ఓడించిన జపాన్ బృందంలో తకాషి షిమోదా ఉన్నాడు, అతనిదీ గోల్‌కీపర్ కోచ్ బాధ్యతే. ఆ బృందానికి హెడ్ కోచ్ దోహాలో ఆడిన మొరియాసు. 1991 నుంచి ఇప్పటిదాకా జపాన్ జాతీయ జట్టు హెడ్ కోచ్ కుర్చీలో గోల్‌కీపర్ ఎవరూ కూర్చోలేదు. కవగుచి తరం వాళ్ళలో ఎవరికైనా ఆ అవకాశం వస్తే చూడాలని నాకు గట్టిగా ఉంది, యోకోయామాకు దొరకని పనిముట్లు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి కాబట్టి.